మూడో మెట్టు దగ్గర ఆగే కుక్క

మా చిన్నాన్న గారు పోయారని తమ్ముడు ఫోన్ చేసిన ఉదయం కూడా రోజూ లాంటి ఉదయమే. కొత్తపేటలో మా ఇంట్లో తులసి దగ్గర దీపం పెట్టాను. పాలతను గేటు కొక్కేనికి సంచి తగిలించి వెళ్ళాడు. ముందు రోజు వాన పడింది కాబట్టి కొబ్బరి మట్టల మీంచి చుక్కలు వంటింటి రేకు మీద ఇంకా పడుతున్నాయి. మూకుట్లో నూనె కాగాక దిబ్బరొట్టె పిండి వేసి మూత పెట్టాను. సన్నసెగ మీద అరగంట కదపకూడదు. ఆ అరగంటలో నేను నామాలు చదువుకుంటాను. సగంలో ఉండగా ఫోన్ మోగింది.

"అక్కా, చిన్నాన్న గారు లేవలేదక్కా" అన్నాడు తమ్ముడు.

వాడే చెప్పాడు. "రోజూ చీకటితోనే లేచి కుక్కలకి గంజి పోస్తారు కదా. ఇవాళ తలుపు తియ్యలేదు. వెళ్ళి చూస్తే ఏడు కుక్కలూ గుమ్మం ముందు వరసగా పడుకున్నాయి. తలలు లోపలి వైపుకి పెట్టి. ఒక్కటీ లేవలేదు. వాటిని దాటుకుని వెళ్ళేను."

పొయ్యి కట్టేశాను. రొట్టె ఒక వైపే కాలింది. అలాగే మూత పెట్టేసి బస్సెక్కాను.

ఆయన్ని ఎరగనివారి కోసం కొంచెం చెప్పాలి. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. రాజోలు వైపు కాలవగట్టున, తమ్ముడి ఇంటి పక్కనే, కొబ్బరిచెట్ల మధ్య రెండు గదులు వేసుకుని ఉండేవారు. చొక్కా జేబులో చేతిరుమాలు చుట్టిన థర్మామీటరు, ఆయన వచ్చే ముందే వచ్చే స్పిరిట్ వాసన. రైతులు "డాక్టరు గారండీ" అని పిలిస్తే, "డాక్టరు గారు మీటింగుకెళ్ళేరండి, నేను కాంపౌండర్ని. ఎవరు పొడిచినా సూది ఒకటేనండి. గేదె తన్నడం కూడా ఒకటేనండి" అనేవారు. నాతో మాత్రం తక్కువ మాట్లాడేవారు. నేనూ అంతే. ఆయన బతికుండగా చెప్పలేని మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఇది రాయడానికి సగం కారణం అదే.

ఆయన జీవితమంతా చేసిన పని ఒకటుంది. పోయిన కుక్కజాతిని వెనక్కి తెచ్చారు.

బాతుల కుక్కని ఇప్పటివాళ్ళు చూసి ఉండరు. మా తాతగారి కాలంలో కోతలయ్యాక బాతుల మందలు చేలల్లో దిగేవి. రాలిన గింజలూ నత్తలూ తింటూ ఊరినుంచి ఊరికి కదిలేవి. పెద్ద మందకి కూడా ఇద్దరు మనుషులు, ఒక కుక్క చాలు. ఒండ్రుమట్టి రంగు, పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, సగం మడిచిన చెవులు, కాలివేళ్ళ మధ్య పల్చటి చర్మం. అది అరవదు, కరవదు. పక్కకి పోయే బాతుని భుజంతో తోసి మందలో కలుపుతుంది. సాయంత్రం మందని దడిలోకి తోలేటప్పుడు ఒక్కొక్కదాన్నీ ముక్కుతో తాకి లోపలికి పంపుతుంది. అన్నీ వస్తే దడి ముందు పడుకుంటుంది. ఒకటి తగ్గితే పడుకోదు, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోతుంది. దీన్ని కుక్క లెక్క అనేవారు.

తాతగారు మందని అమ్మేశాక ఒక కుక్క ఇంట్లో మిగిలింది. బాతులు లేవు కాబట్టి మనుషుల్ని లెక్క పెట్టేది. దీపాలవేళ ఇల్లంతా తిరిగి ఒక్కొక్కరి మడమనీ చల్లటి ముక్కుతో తాకి, గుమ్మంలో పడుకునేది. అందుకని మా ఇంట్లో ఆ వేళప్పుడు పిల్లల్ని పేరుపెట్టి పిలిచేవారు కాదు. అమ్మ వంటింట్లోంచి ఒకే మాట అడిగేది. "కుక్క లెక్కైందా?" అయిందంటే అందరూ ఇంట్లో ఉన్నట్టే. ఇక ఎవరూ లేచి చూసేవారు కాదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, తమ్ముడు ఉయ్యాల్లో ఉండగా, నాలుగేళ్ళ మా చెల్లెలు కాలవ రేవులో జారిపోయింది. ఆ సాయంత్రం అమ్మ ఎప్పట్లాగే అడిగింది. అయిందన్నాను. "చిన్నదేది?" అంది. "వాకిట్లో మూడో మెట్టు మీద కూచుంది. కుక్క దాన్ని కూడా తాకింది" అన్నాను. అన్నాలకి పిలిచేదాకా ఎవరూ వెతకలేదు. పిల్ల అంతకు చాలా ముందే, ఎండ ఉండగానే, రేవు వైపు వెళ్ళడం చూసినవాళ్ళున్నారని తర్వాత తెలిసింది. మరి కుక్క తాకింది ఎవర్ని?

తాతగారు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజున, "లేనిదాన్ని ఉన్నట్టు చెప్పిన కుక్క ఇంట్లో ఉండకూడదు" అన్నారు. ఆ కుక్కని పాలు పట్టి పెంచింది చిన్నాన్న గారు. ఆయనకప్పటికి ఇరవై నిండలేదు. ఆయన చేతనే దాన్ని రేవు దాటించి, బాతులు తోలుకునే ఒకతనికి ఇప్పించేశారు.

తర్వాత మందలే తగ్గిపోయాయి. చేలు చేపల చెరువులయ్యాయి, రొయ్యల చెరువులయ్యాయి. చెరువుగట్ల మీదికి అరిచే కుక్కలు కావాలి. అరవని కుక్క ఎవరికీ అక్కర్లేకపోయింది. ఉన్నవి వీధికుక్కల్లో కలిసిపోయాయి. చిన్నాన్న గారు ఉద్యోగంలో చేరి బదిలీల మీద తిరిగేనాటికి ఆ జాతి లేదనే అందరూ అన్నారు.

ఆయన లేదనుకోలేదు. ఐ.పోలవరంలో వలలు ఆరేసే చోట, వేళ్ళ మధ్య చర్మం ఉన్న మగకుక్క కనిపించింది. కె.గంగవరంలో ఒక రైతు ఇంట్లో, ఎవరూ చెప్పకుండానే కోళ్ళని గూటికి తోలే ఆడకుక్క. మండపేటలో ఒక రైసుమిల్లులో, ధాన్యం రాశి మీద పిచ్చుకలు వాలినా అరవకుండా చూస్తూ పడుకునే ఒండ్రుమట్టి రంగుది.

"ఇవి మూడు కుక్కలు కాదమ్మా. ఒకటే కుక్క మూడూళ్ళలో విడిపోయింది" అన్నారు నాతో. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ మూడింటినీ కలిపి, పిల్లల్ని ఏరి, మళ్ళీ కలుపుతూ ముప్పై ఏళ్ళకు పైగా గడిపారు. కుక్కపిల్లకి మూడు నెలలు రాగానే చేలో పాదం మునిగేటన్ని నీళ్ళలో బాతుపిల్లల్ని వదిలి దాన్ని ఎదురుగా కూర్చోబెట్టేవారు. అరిస్తే తోట కాపలాకి ఎవరికో ఇచ్చేసేవారు. నోటితో పట్టినా ఇచ్చేసేవారు. నేలకి పొట్ట ఆనించి, పక్కనుంచి చుట్టి వచ్చినదాన్ని ఉంచుకునేవారు. మొదట్లో ఏదీ నిలవలేదు. రంగు వస్తే గొంతు ఆగేది కాదు. గొంతు ఆగితే కాళ్ళు పొడుగయ్యేవి. "కుక్కని మనం తయారుచెయ్యలేమమ్మా. అది వెనక్కొచ్చే దార్లో అడ్డం నిలబడకుండా ఉండాలంతే" అనేవారు.

కుక్క పిల్లల్ని పెట్టినప్పుడల్లా, ఈత ఈతకీ నన్ను పిలిపించేవారు. నేలమీద గొంతుక్కూర్చుని పిల్లల్ని చూస్తూ, "ఆవేళ మన కుక్క ఏం చేసిందో ఇంకోసారి చెప్పమ్మా" అనేవారు. నేను చెప్పేదాన్ని. అవే మాటలు, అదే మెట్టు.

"ఆయ్" అని వినేవారు. "ఇంకేమైనా గుర్తొచ్చిందా?"

"లేదండి."

"తొందరేం లేదు. వచ్చినప్పుడే చెప్పు."

కుక్క కోసం అడుగుతున్నారనుకున్నాను.

ఆరో తరంలో ఒక ఆడకుక్క పుట్టింది. రంగు, చెవులు, కాళ్ళు అన్నీ కుదిరాయి. ఏడాది తిరగకుండానే, ఎవరూ నేర్పకుండా, మనుషుల్ని లెక్క పెట్టడం మొదలెట్టింది. చూడ్డానికి వెళ్ళాను. పాత పెంకుటిల్లు తీసేసి తమ్ముడు డాబా వేసినా మెట్లకి మాత్రం ఆ పాత రాళ్ళే వాడుకున్నాడు. దీపం పెట్టి బయటికి వచ్చేసరికి కుక్క బయలుదేరింది. తమ్ముడి మడమ తాకింది. మరదలిది, చిన్నాన్న గారిది, నాది. నలుగురం అయ్యాం. అది పడుకోలేదు. మెట్ల దగ్గరికి వెళ్ళింది. మూడో మెట్టు మీద తల వంచి, చిన్నపిల్ల మడమ ఉండే ఎత్తులో, ఖాళీలోకి ముక్కు చాచి ఆగింది. తోక ఒకసారి కదిలింది. తర్వాత వచ్చి గుమ్మంలో పడుకుంది.

తమ్ముడు ఆ కథ వింటూ పెరిగినవాడు. "అదే కుక్క. అదే వచ్చేసింది" అన్నాడు.

చిన్నాన్న గారు కుక్కవైపు చూడలేదు. నావైపు చూశారు. నేను దేవుడి గదిలోకి వెళ్ళిపోయాను. ఎందుకంటే మా పాత కుక్క ఆ పని ఎన్నడూ చెయ్యలేదు. అది నేను కల్పించిన మాట.

జరిగింది ఇది. ఆ రోజు చెల్లెల్ని చూస్తూ ఉండమని అమ్మ నాకు చెప్పింది. నేను పక్కింటి అరుగు మీద రేడియో వింటూ కనకాంబరాలు కట్టుకుంటున్నాను. కుక్క వచ్చి నా గౌను అంచు పట్టి లాగింది. తోలేశాను. కాలవ దాకా పరుగెత్తి మళ్ళీ వచ్చి లాగింది. పూలు చెదిరిపోయాయి. నా జడలోని ఎర్ర రిబ్బను విప్పి, దాని మెడకి వేసి, పెరట్లో జామచెట్టుకి కట్టేశాను. దీపాలవేళ అమ్మ అడిగినప్పుడు కుక్క ఇంకా చెట్టు దగ్గరే ఉంది. లెక్క పెట్టనే లేదు. చెల్లెలు ఎక్కడుందో నాకు తెలీదు. తిడతారని మెట్టు మీద కూర్చోబెట్టాను, మాటల్లో.

కుక్క మొదటిసారి వచ్చినప్పుడే లేచి ఉంటే. ఈ వాక్యాన్ని నేనెప్పుడూ పూర్తి చెయ్యలేదు.

దేవుడికి చెప్పుకున్నాను, చాలాసార్లు. దేవుడికి చెప్పడం తేలిక. ఆయన ముఖం మారదు.

ఆ ఆడకుక్క కూతురూ అదే మెట్టు దగ్గర ఆగింది. దాని కూతురూ అంతే. అలా ఆగినదాని మెడకి చిన్నాన్న గారు ఎర్ర రిబ్బను కట్టేవారు. దిష్టికి అనుకున్నాను. అలా అనుకోవడమే బాగుండేది. ఒకసారి ధైర్యం చేసి, "మీరే నేర్పేరా చిన్నాన్నా?" అని అడిగాను.

"నేను నేర్పితే గాలి దగ్గర ఆగదమ్మా, బిస్కట్టు దగ్గర ఆగుతుంది" అన్నారు. అని, కాసేపటికి, "నీకేమైనా గుర్తొచ్చిందా?" అన్నారు. లేదన్నాను. అదే చివరిసారి.

ఆయన పోయిన పన్నెండో రోజున భోజనాలయ్యాయి. మరదలు నన్ను పక్కకి పిలిచింది. ఆమె మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల, ఊరినుంచి వచ్చి ఉంది.

"వదినగారూ, కుక్కల్ని మండపేటలో ఒకాయనకి ఇచ్చేద్దామనుకుంటున్నామండి. ఫారంహౌసుందట, ఏడింటినీ ఒకచోటే ఉంచుతారట. రేపు పొద్దున్నే వేన్ వస్తుంది. మీ తమ్ముడుగారు సాయంత్రం మీరందరూ ఉండగా ఖాయం చేస్తారట."

"ఎందుకమ్మా?"

"నిన్న పిల్ల ఆ మూడో మెట్టు మీద కూచుందండి. పెద్ద కుక్క వచ్చి దీని మడమ తాకింది. తాకి, పక్కనే ఇంకోసారి ఆగింది. 'నానమ్మా, నా పక్కన ఎవరు?' అని అడిగిందండి పిల్ల." మరదలు కొంగు బిగించి దోపుకుంది. "చిన్నమావయ్యగారుండగా నోరెత్తలేదండి. ఇహ నావల్ల కాదు."

చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళాను. పంపు దగ్గర ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, బాగా వంగిపోయిన మనిషి. నన్ను చూసి లేవబోయాడు. నేను కూర్చోమన్నాను.

"తమర్ని గౌన్లప్పుడు చూసేనండి" అన్నాడు. "ఆ కుక్కని రేవులో పుచ్చుకుంది నేనేనండి. బాతులు తోలేవాణ్ణి."

నేను పంపు కట్టేశాను.

"మెడకి ఎర్ర రిబ్బనుందండి. విప్పబోతే చిన్నయ్యగారు వద్దని, ఆయనే విప్పి జేబులో పెట్టుకున్నారు. లెక్క తప్పిన కుక్క నాకెందుకండి అన్నాను. 'ఇది లెక్క తప్పలేదురా. ఆవేళ జామచెట్టుకి కట్టేసుంది. నేనే విప్పేను' అన్నారండి."

"మరి మా తాతగారితో ఎందుకు చెప్పలేదట?"

"అదే నేనూ అడిగేనండి. 'కుక్కనైతే రేవు దాటించొచ్చురా, పిల్లనెక్కడికి దాటిస్తాం' అన్నారండి. ఏడుస్తానే అన్నారు." ముసలాయన చేతికర్ర నేలమీద గీరాడు. "నాకప్పుడు తెలీలేదండి."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ నాకేం తెలీదండి" అన్నాడు మెల్లిగా. "ఆయ్. వస్తానమ్మా."

పంపు గట్టుమీద చాలాసేపు కూర్చున్నాను. ఆయన తన కుక్కని ఇచ్చేసి నన్ను ఉంచుకున్నారు. ఇన్నేళ్ళూ ఈత ఈతకీ పిలిచి అడిగింది కుక్క గురించి కాదు. తొందరేం లేదన్నదీ కుక్క గురించి కాదు. అడ్డం నిలబడకుండా ఉండాలన్నారే, నా దారిలో కూడా ఆయన అలాగే ఉన్నారు. నేనే రాలేదు.

సాయంత్రం అందరం వసారాలో కూర్చున్నాం. తమ్ముడు ఫోన్ చేతిలో పట్టుకుని, "మరి ఖాయం చెప్పేస్తానక్కా. మెట్టు దగ్గర ఆగే సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు" అన్నాడు.

"చెప్తే వేన్ కాదు, మంత్రగాణ్ణి పంపిస్తారు" అంది మరదలు.

"నేనొక మాట చెప్పాలి" అన్నాను.

చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. పూలు, రిబ్బను, జామచెట్టు. చెయ్యని తప్పుకి ఈ ఇంట్లోంచి ఒకసారి కుక్కని పంపించేశామనీ, అది నా మాట మీదే జరిగిందనీ చెప్పాను. చిన్నాన్న గారికి మొదటినుంచీ తెలుసని కూడా చెప్పాను. ఎవరూ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

కాసేపటికి తమ్ముడు, "పాత కుక్క మెట్టు దగ్గర ఆగలేదంటున్నావు. మరి ఇవి ఆగేది ఎవరి దగ్గరక్కా?" అన్నాడు.

"నాకు తెలీదురా."

మనవరాలు మరదలి ఒళ్ళో నిద్రకి తూగుతోంది. దాని జుట్టు సర్దుతూ మరదలే అంది, "ఎవరైతేనేం. మనింటి పిల్లేగా. ఏవండీ, మండపేటాయనకి వద్దని చెప్పెయ్యండి."

తమ్ముడు లేచి వెళ్ళి చెప్పి వచ్చాడు. కుక్కలు ఏడూ ఇక్కడే ఉంటాయి. గంజి వాడు పోస్తాడు, పిల్లల్ని ఏరే పని నేర్చుకుంటాడు. ఇంకొకటి కూడా అనుకున్నాం. ఇకమీదట దీపాలవేళ కుక్క లెక్క పెట్టినా సరే, ఎవరో ఒకరు లేచి వెళ్ళి కళ్ళతో చూడాలి.

మాట పూర్తయ్యేసరికి పెద్ద కుక్క బయలుదేరింది. తమ్ముడు, మరదలు, నిద్రపోయిన పిల్ల, నేను. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్ళింది. మేం ముగ్గురం చూస్తూ ఉన్నాం. మూడో మెట్టు దగ్గర అది ఆగలేదు. దిగిపోయింది. కొబ్బరిచెట్ల మధ్యనుంచి కాలవ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి, నా చీర అంచు నోటితో పట్టుకుని మెల్లిగా లాగింది. ఆ ఒక్క రోజు తప్ప, ఈ జాతి దేన్నైనా నోటితో పట్టగా నేను చూడలేదు. పట్టినదాన్ని ఆయన ఏనాడూ ఉంచుకోలేదు.

కుక్కలకి మన మాటలు తెలుస్తాయని నేననను. లేచి దాని వెనక వెళ్ళాను.

రేవులో నీళ్ళు నిండుగా ఉన్నాయి. అవతలి గట్టు కనిపిస్తోంది, ఇంకా పూర్తిగా మసకపడలేదు. కింది మెట్టు మీద నిలబడి, వంగి, కుక్క మెడలోని రిబ్బను విప్పి చేతిలో పట్టుకున్నాను. అది నా మడమ తాకింది. ముక్కు చల్లగా ఉంది. తర్వాత నా పక్కనే, కొంచెం కిందుగా, ఖాళీలో ఒకసారి ఆగింది. ఆ పక్కన, పెద్దమనిషి నిలబడేంత ఎడంలో, ఇంకోసారి ఆగింది. గాలి లేదు. ఎక్కడినుంచో స్పిరిట్ వాసన వచ్చింది.

అప్పుడు కుక్క నీళ్ళకి వీపు పెట్టి, మా ముందు పడుకుంది.